పోలింగ్ లైన్లో పెళ్ళివారు

మా ఇంట్లో ఎంపీలను పేర్లతో గుర్తుపెట్టుకోం. "అక్క పెళ్ళి తప్పిపోయినప్పటి ఎంపీ", "అక్క పెళ్ళయినప్పటి ఎంపీ", "రాష్ట్రం వచ్చిన ఏటి ఎంపీ" అని మూడు కాలాలుగా విడగొట్టుకున్నాం. చరిత్ర రాసేవాళ్ళు ఇంకోలా రాస్తారేమో, రాసుకోనివ్వండి. వాళ్ళ ఇంట్లో టెంట్ హౌస్ ఉండి ఉండదు.

మాకు ఉండేది. నాచారం నుంచి మల్లాపూర్ వెళ్ళే రోడ్డు మీద రెండు షట్టర్ల కొట్టు. ఒక షట్టర్ వెనక కుర్చీలు, ఇంకోదాని వెనక షామియానా గుడ్డలు, కర్రలు, తాళ్ళు, వంట గిన్నెలు. పైన మేం నలుగురం: అమ్మ, నాయన, అక్క, నేను. జనగామ దగ్గరి పల్లె నుంచి నాయన చేతిలో బైబిలు, నెత్తి మీద ట్రంకు పెట్టెతో పట్నం వచ్చాడని అమ్మ చెప్పేది. బైబిలు సంగతి నేను నమ్మను. ఆదివారం ప్రసంగం మొదలుకాగానే నాయన కళ్ళు మూతపడేవి, అది ప్రార్థన కాదని సంఘమంతటికీ తెలుసు.

మిగతా జనానికి ఎన్నికలంటే గెలుపోటములు. మాకు కుర్చీలు. మీటింగ్ అయిపోయాక మైదానంలో కుర్చీలు ఎలా పడి ఉన్నాయో చూసి ఎవరు గెలుస్తారో చెప్పేస్తాననేవాడు నాయన. జనం కుర్చీలను స్టేజీ వైపు జరుపుకుని ఉంటే గెలుపట, చెట్టు నీడకు లాక్కుపోయి ఉంటే ఓటమట. "మరి చెట్టు కింద స్టేజీ వేస్తే?" అని నేనడిగితే "నీకన్నీ అడ్డం ప్రశ్నలే" అని కసిరేవాడు. ఆయన జోస్యం ఎన్నడూ తప్పలేదు. ఫలితాలు వచ్చాకే చెప్పేవాడు మరి.

ఆ రోజుల్లో మా ఓటు ఎక్కడో దూరంగా ఉన్న పట్నం పేరు పెట్టుకున్న పార్లమెంటు సీటుకు పడేది. అక్కడివాళ్ళకు మేం తెలియదు, మాకు వాళ్ళు తెలియదు. ఎంపీగా నిలబడ్డవాళ్ళు మా వైపు ఎప్పుడైనా వస్తే మా కుర్చీల మీద కాసేపు కూర్చుని, మా గ్లాసుల్లో నీళ్ళు తాగి, దండ వేయించుకుని వెళ్ళేవారు. అయినా ఎన్నికలొచ్చాయంటే నాయనకు పండగే. అన్ని పార్టీలవాళ్ళూ మా కొట్టుకే వచ్చేవారు, అందరూ ఆయనకు "అన్న"లే. ఎవరు గెలవాలని అడిగితే మాత్రం "కుర్సీలు ఇరగ్గొట్టకుండ వాపసిచ్చినోడు" అనేవాడు.

ఆ పండగే ఒకసారి అక్క మీదికి వచ్చింది. 2004లో అక్కకు ప్రధానం అయింది. ప్రధానమంటే మా వాళ్ళలో నిశ్చితార్థం. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల శ్రమదినాల్లో మేం పెళ్ళిళ్ళు చేయం కాబట్టి ఈస్టర్ అయ్యాక అని మాట్లాడుకున్నారు. సరిగ్గా అప్పుడే ఎన్నికలొచ్చి పడ్డాయి. ఒక పెద్ద సభకు నాయన మాటిచ్చేశాడు. కొట్టులో ఒక్క గుడ్డ మిగల్లేదు. "రెండు వారాలు జరుపుదాం బావా" అని పెళ్ళికొడుకు తండ్రికి ఫోన్ చేశాడు. ఆయన సరేనన్నాడు. ఆ రెండు వారాల్లోనే వాళ్ళకు ఇంకో సంబంధం కుదిరింది. అమ్మ నెల రోజులు నాయనకు అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు. అక్క హబ్సిగూడలో ఒక దవాఖానాలో నర్సు. మర్నాడు డ్యూటీకి వెళ్ళింది, ఆ మర్నాడూ వెళ్ళింది. ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఏడ్చి ఉంటే నాయన మీద నాకు అంత కోపం వచ్చి ఉండేది కాదు.

తర్వాత అయిదేళ్ళు వచ్చిన సంబంధమల్లా "ఇదివరకు ఒకటి తప్పిపోయిందట కదా, ఎందుకు?" అనే ప్రశ్న దగ్గరే ఆగిపోయేది. "ఎలక్షన్ వల్ల" అంటే ఎవరు నమ్ముతారు చెప్పండి?

ఈ మధ్యలో ప్రభుత్వం నియోజకవర్గాల గీతలు కొత్తగా గీసింది. ఉప్పల్ పేరు మీద మాకో ఎమ్మెల్యే సీటు, మల్కాజిగిరి పేరు మీద ఎంపీ సీటు వచ్చాయి. దేశంలోకెల్లా ఎక్కువ ఓటర్లున్న సీటని టీ కొట్ల దగ్గర జనం ఛాతీ విరుచుకుని చెప్పుకునేవారు, ఆ ఓటర్లను వాళ్ళే పోషిస్తున్నట్టు. అభ్యర్థులెవరో తేలకముందే మాకు కేంద్రమంత్రి ఖాయమని మా వీధిలో లెక్కలు కట్టేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆ కొత్త సీటు వల్ల మా ఇంటికి జరిగిన మేలు ఒకటే. అక్కకు అన్నోజిగూడ నుంచి సంబంధం వచ్చినప్పుడు, పిల్లవాడి పెదనాయన మా గుమ్మంలో అడుగుపెడుతూనే "ఎమ్మెల్యేలు ఏరే గానీ ఎంపీ మాత్రం మనకు ఒక్కడే అయితడు, ఇగ సుట్టాలమే" అన్నాడు. ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. పద్ధతంటే ప్రాణం. పిల్లవాడు ల్యాబ్ టెక్నీషియన్, తక్కువ మాటల మనిషి. పాత సంబంధం గురించి అడిగారు. అక్కే జవాబు చెప్పింది. విని ఆ పిల్లవాడు నవ్వాడు. వెక్కిరింతగా కాదు, మనసారా నవ్వాడు. అక్కకు ఆ నవ్వే నచ్చిందని తర్వాత నాకు చెప్పింది.

క్రిస్మస్‌కే తారీకు ఖాయం చేశారు. ఈస్టర్ అయిన వారంలో గురువారం, పొద్దున పదిన్నరకు. కార్డులు అచ్చయి, పంచడం కూడా సగం అయింది. అప్పుడు టీవీలో ఎన్నికల తారీకులు చదివారు. మా దగ్గర పోలింగ్ అదే గురువారం! పోలింగ్ ఎక్కడంటే, మా చర్చి ఆవరణలోని బడిలోనే. చర్చికీ బడికీ గేటు ఒకటే.

అమ్మ లేచి టీవీ కట్టేసింది. ఎన్నికలు అంతటితో ఆగిపోతాయన్నట్టు.

"తారీకు మార్సుదామన్న మాట ఈ ఇంట్ల ఇనబడితే నేను ఉండ" అంది.

 నాయన చెప్పులేసుకుని పాస్టరుగారి ఇంటికి వెళ్ళాడు. తిరిగొచ్చి, "తారీకు మారది. ఏళనే మారుతది. పొద్దుగాల గాకుంటే పొద్దూకినంక. ఐదింటికి ఓట్లు బందయితయి, ఏడింటికి పెండ్లి" అన్నాడు. బడివాళ్ళతో, పోలింగ్ చూసుకునే అధికారులతో పాస్టరుగారు మాట్లాడి ఒప్పించారు. పార్టీలవాళ్ళు ఎప్పటిలాగే కుర్చీల కోసం కొట్టుకు వస్తే నాయన అందరికీ ఒకటే చెప్పాడు. "ఐదు గొట్టంగనే నా కుర్సీలు నాకు గావాలె. కూసున్నోడు కూసున్నట్టే ఉండంగ కింది నుంచి గుంజుకపోత. మల్ల నన్నేమనొద్దు." ఆ మాటన్నప్పుడు నాయన మీద నాకున్న కోపమంతా పోయింది.

గురువారం వచ్చింది. ఎండ మండిపోతోంది. పొద్దున్నే మేం ముగ్గురం వెళ్ళి ఓటేసి వచ్చాం. అక్కను మాత్రం అమ్మ గడప దాటనివ్వలేదు. "ఆ ఎలక్షన్ గాలి నా బిడ్డకు తగలొద్దు" అంది. నాలుగింటికి పక్క వీధిలోంచి తిప్పి, ఆవరణ వెనక ఉన్న పాస్టరుగారి ఇంటికి అక్కను తీసుకెళ్ళాం. నేను తెల్ల చీరకు పిన్నులు పెడుతున్నాను. పిన్నులు పెట్టడంలో నా పనితనం గురించి అక్క ఇప్పటికీ అందరికీ చెబుతుంది, భుజం మీద మచ్చ చూపించి మరీ.

పెళ్ళికొడుకు వాళ్ళు ఆరింటికి రావాలి. అయితే దారిలో పోలీసులు బండ్లు ఆపుతారేమోనన్న భయంతో ఆ పెదనాయన నాలుగింటికే అందరినీ బస్సెక్కించేశాడు. ఎవరూ ఆపలేదు. ఎన్నికలనాడు ఉప్పల్ రోడ్డు అంత ఖాళీగా ఉంటుందని ఆయనకేం తెలుసు? ఐదుకు పావు తక్కువకే బస్సు గేటు ముందు ఆగింది. ఎదురెళ్ళి తీసుకురావలసిన మా మేనమామ ఇంకా ఇంట్లో స్నానం చేస్తున్నాడు.

గేటు దగ్గర కానిస్టేబుల్ పొద్దుటి నుంచి అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. కొత్తగా దిగినవాళ్ళను చూసి అలవాటుగా అదే మాటన్నాడు. "మొగోళ్ళు ఇటు, ఆడోళ్ళు అటు. లైన్ల నిలబడున్రి."

ఇంకెవరైనా అయితే ఎందుకని అడిగేవారు. మా వాళ్ళు అడగరు. మా చర్చిల్లో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క కూర్చోవడం తాతల నాటి ఆనవాయితీ. పట్నం చర్చిలో అది గేటు నుంచే మొదలవుతుంది కాబోలనుకున్నారు. పైగా పెదనాయనకు లైనంటే మహా గౌరవం. "సూసిన్రా, పట్నమోళ్ళ పద్ధతి!" అని మెచ్చుకుని, పెళ్ళికొడుకును ముందు పెట్టుకుని, బస్సెడు జనాన్నీ వరుసలో నిలబెట్టి, తను అందరికంటే చివర నిలబడ్డాడు. బైబిలు సంచులు, పట్టుచీరలు, చంటిపిల్లలతో సహా పెళ్ళివారంతా ఓటర్ల లైను తోకలో చేరిపోయారు.

ఐదు కొట్టింది. గేటు మూశారు. ఐదింటికి లైన్లో ఉన్నవాళ్ళందరికీ ఓటేసే హక్కుంటుంది. వాళ్ళకు సంతకం పెట్టిన చీటీలిస్తారు. మధ్యలో ఎవరూ దూరకుండా లైను చివరి నుంచి మొదలుపెడతారు. అలా ఒకటో నంబరు చీటీ పెదనాయన చేతికి వచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "భోజనాల టోకెన్. మనకే ఫస్టు బంతి" అని ముందున్న వాళ్ళందరికీ కేకేసి చెప్పాడట.

అంతవరకూ బాగానే ఉంది. వచ్చిన చిక్కల్లా వేళ్ళతోనే. వాళ్ళంతా పొద్దున అన్నోజిగూడలో ఓట్లు వేసే బయల్దేరారు. చీటీ అందుకోవడానికి చాచిన ప్రతి చేతికీ సిరా గుర్తుంది.

ఒక పార్టీ ఏజెంట్ చూడనే చూశాడు. బుర్ర మీసాల మనిషి. పొద్దుటి నుంచి కనిపించిన ప్రతి ఓటరు మీదా అభ్యంతరం చెబుతున్నది ఆయనే. మా నాయన ఓటు మీద కూడా చెప్పాడు, ఓటర్ల లిస్టు ఫొటోలో మీసం ఉంది, మనిషికి లేదని.

"దొంగ ఓట్లు!" అని కేకేశాడు. "బస్సు దింపిన్రు! అందరి ఏళ్ళకు సిరా ఉన్నది!"

మిగతా రెండు పార్టీల ఏజెంట్లూ పరుగెత్తుకొచ్చారు. బస్సు మీదంటే మీదని ఒకళ్ళనొకళ్ళు అనుకున్నారు. పెళ్ళికొడుకు, అంటే ఇప్పటి మా బావ, నల్ల సూటులో, జేబుకు గులాబీ పువ్వుతో, చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. "సూటేసుకుని వచ్చిండు సూడు దొంగ ఓటుకు! ఏం ధైర్యమయ్యా నీది!" అని ఒకాయన ఆయన భుజం పట్టుకున్నాడు.

ఎస్సై వచ్చి పెదనాయనను అడిగాడు. "ఆడ ఓటేసినవ్ గద పెద్దాయనా, మల్ల ఈడెందుకు నిలబడ్డవ్?"

పెళ్ళికి వచ్చామని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. పెదనాయనకేమో చదువుకున్నవాడితో రాజకీయం మాట్లాడే అవకాశం వచ్చిందనిపించింది. "ఎంపీ ఇద్దరికి ఒక్కడే గద సారూ? ఆడ ఏసిన. ఈడ గూడ ఏయిమంటే ఏస్త, నాకేం" అన్నాడు.

ఎస్సై వ్యాను పిలవమన్నాడు.

అప్పుడే మా నాయన రోడ్డు మీద షామియానా తాళ్ళు విప్పుతూ గోల విని, తాడుతో సహా పరుగెత్తుకొచ్చాడు. గేటు చువ్వల్లోంచి చూసి, "సార్, వాళ్ళు నా మనుషులే!" అని అరిచాడు.

"ఓహో, బస్సు వెట్టింది నువ్వా?" అన్నాడు మీసాలాయన.

నేను ఇదంతా పాస్టరుగారి ఇంటి కిటికీలోంచి చూస్తున్నాను. పెళ్ళికొడుకును స్టేషనుకు తీసుకెళితే ఇక ఆ రోజు పెళ్ళి లేనట్టే. మళ్ళీ వాయిదా, మళ్ళీ రెండు వారాలు, మళ్ళీ అదే ప్రశ్న.  తిరిగి చూస్తే అక్క నా పక్కన లేదు.

తెల్ల చీరలో, తల మీద ముసుగుతో, సగం పిన్నులు నా చేతిలోనే ఉండగా, అక్క ఆవరణకు అడ్డంగా నడిచి వెళుతోంది. పరుగెత్తలేదు. దవాఖానాలో పేషెంట్ దగ్గరికి వెళ్ళే నడక అది. జనం దారిచ్చారు. తిన్నగా వెళ్ళి ఎస్సై ముందు నిలబడింది.

"సార్, వీళ్ళు నా పెండ్లికి వచ్చిన్రు. ఈయన పెండ్లికొడుకు. లైన్ల నిలబడమంటే నిలబడ్డరు, అంతే" అంది. తర్వాత ఏజెంట్ల వైపు తిరిగింది. "అయిదేండ్ల కింద గిట్లనే మీ ఎలక్షన్ అడ్డమొచ్చింది. మీ మీటింగుకు మా నాయిన కుర్సీలియ్యాలె గదా అని నా పెండ్లి ఆగింది. మల్ల కాలేదు. ఇయ్యాల గూడ ఆపుతరా? చెప్పున్రి."

అయిదేళ్ళుగా తనంతట ఆ సంగతి ఎత్తని మనిషి అంతమందిలో ఆ మాటంది. గేటు అవతల నాయన తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నాకు ఏడుపూ గర్వమూ ఒక్కసారే వచ్చాయి.

ముందు కదిలింది మీసాలాయనే. గేటు దగ్గరున్న నాయన వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. "నువ్వు మన టెంటన్న బిడ్డవా అమ్మా?" అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "సారూ, ఇడిసిపెట్టున్రి. మాకు తెలిసినోళ్ళే. ఆ పొల్లగాని భుజం మీదికెళ్ళి చెయ్యి తియ్యవయ్యా నువ్వు!"

బూత్ అధికారి ఒక టీచరమ్మ. పొద్దుటి నుంచి సరిగా నీళ్ళు కూడా తాగినట్టు లేదు. గొడవకు బయటికి వచ్చి, సంగతి విని, నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకుంది. తనే వరుస పొడవునా నడిచి పెళ్ళివారి చీటీలన్నీ వాపసు తీసుకుంది. పెదనాయన ఒక పట్టాన ఇవ్వలేదు. భోజనం ఎక్కడికీ పోదని బావ హామీ ఇచ్చాకే ఇచ్చాడు. అప్పుడామె అక్క వేలు చూసింది.

"నువ్వింకా ఓటెయ్యలేదా?"

"వచ్చే ఎలక్షన్ల ఏస్త మేడమ్. ఇయ్యాల నాకు ఏరే పనున్నది."

అన్నట్టే ఆ సీటుకు రెండో ఎన్నిక వచ్చినప్పుడు, ఇంకో నెలలో రాష్ట్రం వస్తుందనగా, అక్క కూతుర్ని చంకనేసుకుని అన్నోజిగూడలో పొద్దున్నే లైన్లో అందరికంటే ముందు నిలబడింది.

చీటీలున్న అసలు ఓటర్లు ఓట్లు వేసేసరికి ఆరున్నర దాటింది. ఆలోగా బయట రోడ్డు మీద నేనెప్పుడూ చూడనిది చూశాను. పొద్దుటి నుంచి ఒకళ్ళ టేబుల్ వైపు ఒకళ్ళు చూడని మూడు పార్టీలవాళ్ళు ఎవరి కుర్చీలు వాళ్ళు నెత్తిన పెట్టుకుని చర్చిలోకి మోస్తున్నారు. నాయన ఎవరి కింది నుంచీ గుంజుకోవలసిన పని పడలేదు. ఓటేసిన వాళ్ళలో సగం మంది ఇళ్ళకు పోకుండా పెళ్ళికి ఉండిపోయారు. టీచరమ్మ మిషన్లకు సీళ్ళు వేయించి, వాటిని వదిలి రాకూడదని, పెట్టె పక్కనే బడి మెట్ల మీద నిలబడి చర్చి వైపు చూస్తూ ఉంది. అమ్మ ఆమెకు నిమ్మకాయ నీళ్ళు పంపితే వద్దంది, మంచినీళ్ళు మాత్రం తాగింది.

ఏడున్నరకు పెళ్ళి మొదలైంది. పాట అయింది, ప్రార్థన అయింది. నాయన నిద్రపోలేదు. పాస్టరుగారు పుస్తకం తెరిచి, ప్రతి పెళ్ళిలో అడిగే మాటే అడిగారు. ఈ ఇద్దరూ జతపరచబడుటకు ఎవరికైనా అభ్యంతరము ఉన్నయెడల ఇప్పుడే తెలియజెప్పవలెను.

ఆ మాటకు ఎవరూ జవాబు చెప్పరు. ఒక్క క్షణం ఆగి పాస్టరుగారు ముందుకు వెళ్ళిపోతారు. ఆ రోజు మాత్రం చర్చిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి, చివరి వరుసలో కూర్చున్న ఏజెంట్ల వైపు చూశారు.

మీసాలాయన లేచి నిలబడ్డాడు. చేతులు జోడించాడు.

"లేదు అయ్యగారూ" అన్నాడు. "మా మూడు పార్టీలకు గూడ లేదు. కానియ్యున్రి."

ముసుగు కింద అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వు పాస్టరుగారి మైకులో పడి, నాచారం రోడ్డు దాకా వినిపించింది.